గల్ఫ్ వలస సన్నాహాలు

సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ), కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకు ఉపాధి కోసం వెళ్లేవారు విమానం ఎక్కేలోపు పూర్తిచేసుకోవలసిన చట్టపరమైన, ఆర్థిక, వైద్య, కుటుంబ ఏర్పాట్లే గల్ఫ్ వలస సన్నాహాలు. ఈ ఆరు దేశాల్లో సాధారణ కార్మికుడికి శాశ్వత నివాసం గానీ పౌరసత్వం గానీ దక్కే అవకాశం లేదు. అక్కడ ఉండే హక్కు ఉద్యోగంతోనే పుడుతుంది, ఉద్యోగంతోనే పోతుంది. అందువల్ల ఏ వీసా మీద, ఎవరి ద్వారా, ఏ ఒప్పందంతో వెళ్లారన్న విషయాలు తర్వాతి రెండు మూడేళ్ల జీవితాన్ని చాలావరకు ముందే నిర్ణయిస్తాయి.

ఈ సన్నాహాల్లో వరుసకు ప్రాధాన్యం ఉంది. ఏజెంటు గుర్తింపును సరిచూసుకోవడం, ఒప్పందం చదవడం, వీసా పరిశీలన, వలస అనుమతి పూర్తయ్యాకే పెద్ద ఖర్చుకు దిగాలన్నది చట్టం ఉద్దేశం. ఊళ్లలో సాధారణంగా జరిగేది ఇందుకు తలకిందులు. ముందు అప్పు, తర్వాత వైద్య పరీక్ష, ఆ తర్వాత వీసా, చివరన విమానాశ్రయంలో ఒప్పందం చేతికి వస్తాయి. అప్పటికే డబ్బు ఖర్చయిన మనిషికి ‘నేను వెళ్లను’ అనే స్తోమత మిగలదు.

నేపథ్యం

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, శుద్ధి కర్మాగారాలు, నగరాల నిర్మాణం ఊపందుకుంది. స్థానిక జనాభా తక్కువ కావడంతో దక్షిణాసియా నుంచి కార్మికులను రప్పించడం మొదలైంది. తెలుగు ప్రాంతాల నుంచి ఈ వలస 1970ల చివర, 1980లలో బలపడింది.

తెలంగాణలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల నుంచి ఎక్కువగా మగవారు భవన నిర్మాణం, పారిశుద్ధ్యం, డ్రైవింగ్, తోటపని, పశువుల కాపలా వంటి పనులకు వెళ్తారు. వర్షాధార సేద్యం, ఎండిన బోర్లు, కుదేలైన మరమగ్గాల పరిశ్రమ ఇందుకు ప్రధాన కారణాలు. పొట్టకూటి కోసం ఊరు విడిచే ఈ ప్రాంతపు బతుకును ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అన్న మాటతో చెప్పుకొంటారు. ఆంధ్రప్రదేశ్‌లో కడప, అన్నమయ్య, చిత్తూరు ప్రాంతాల నుంచి, కోనసీమ, పశ్చిమ గోదావరి నుంచి కువైట్‌కు వలస ఎక్కువ. రాజంపేట, రాయచోటి, రాజోలు, నరసాపురం పరిసరాల నుంచి ఇంటిపనికి వెళ్లే మహిళల సంఖ్య గణనీయం. వీరికి తోడు నర్సులు, ఇంజినీర్లు, అకౌంటెంట్లు, చమురు క్షేత్రాల సాంకేతిక నిపుణులు కూడా ఉన్నారు.

1990 ఆగస్టు 2న కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి తరలించారు. 2011లో సౌదీ అరేబియా స్వదేశీయుల ఉద్యోగాల కోసం ‘నితాఖత్’ విధానం తెచ్చింది. 2020లో కోవిడ్ వేలమందిని పని లేకుండా వెనక్కి పంపింది. ఈ మూడు సందర్భాల్లోనూ పత్రాలు సక్రమంగా ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. బకాయి జీతం, పరిహారం అడగాలంటే ఫలానా యజమాని దగ్గర పనిచేశామన్న రుజువు చూపాల్సి వచ్చింది.

వీసా రకాలు

గల్ఫ్ దేశాల్లో వలస కార్మికుడి నివాసానికి స్థానిక యజమాని పూచీ ఉంటాడు. ఆ పూచీదారును ‘కఫీల్’ అనీ, నివాస అనుమతి కార్డును సౌదీలో ‘అకామా’ అనీ, మరికొన్ని చోట్ల ‘బతాకా’ అనీ తెలుగు కార్మికులు వ్యవహరిస్తారు. కఫీల్ ఒప్పుకుంటే తప్ప పని మారడం కుదరని ఈ పద్ధతిని ఇటీవలి సంవత్సరాల్లో కొంత సడలించారు. ఖతర్‌లో 2020 నుంచి యజమాని నిరభ్యంతర పత్రం లేకుండానే ఉద్యోగం మారవచ్చు. సౌదీ అరేబియా 2021 మార్చి నుంచి ప్రైవేటు రంగ కార్మికులకు షరతులతో ఇలాంటి వెసులుబాటు ఇచ్చింది. అయితే ఇళ్లలో పనిచేసేవారు, డ్రైవర్లు, పశుపోషకులు సౌదీ సడలింపు పరిధిలోకి రాలేదు.

బయలుదేరే ముందు వీసా ఏ తరగతిదో తెలుసుకోవడం అందుకే అవసరం. కంపెనీ వీసా మీద వెళ్లినవారికి ఆ దేశపు కార్మిక చట్టం వర్తిస్తుంది. కువైట్‌లో కంపెనీ ఉద్యోగాలకు 18వ అధికరణం వీసా, ఇంటిపనికి 20వ అధికరణం వీసా ఇస్తారు. రెండోదాన్ని వాడుకలో ‘ఖాదిం వీసా’ అంటారు. దీని మీద వెళ్లినవారు దుకాణంలోనో కంపెనీలోనో పనిచేస్తే చట్టవిరుద్ధం అవుతుంది.

‘ఆజాద్ వీసా’ పేరుతో అమ్ముడయ్యే వీసా ఏ చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక కఫీల్ ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. కార్మికుడు బయట ఎక్కడో పని వెతుక్కొని ఏటా ఆ కఫీల్‌కు డబ్బు కడతాడు. సోదాల్లో దొరికితే జరిమానా, నిర్బంధం, దేశ బహిష్కరణ తప్పవు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవడం కూడా ఇంతే ప్రమాదకరం. వీసా గడువు దాటిన రోజు నుంచి జరిమానా పెరుగుతూ పోతుంది. కఫీల్‌ను వదిలి పత్రాలు లేకుండా ఉండిపోయినవారిని తెలుగు కార్మికుల వాడుకలో ‘ఖల్లివెల్లి’ అంటారు. వారు తిరిగి రావాలంటే క్షమాభిక్ష ప్రకటన కోసమో, రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం ‘ఔట్‌పాస్’ కోసమో ఎదురుచూడాలి.

పాస్‌పోర్టు, వలస అనుమతి

విదేశీ ఉపాధి వలసను భారతదేశంలో 1983 నాటి వలసల చట్టం నియంత్రిస్తుంది. ఇది 1922 నాటి బ్రిటిష్ కాలపు చట్టం స్థానంలో వచ్చింది. 2004లో ఏర్పడిన ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2016లో విదేశాంగ శాఖలో విలీనమైంది. అప్పటినుంచి చట్టం అమలు బాధ్యత విదేశాంగ శాఖదే. క్షేత్రస్థాయిలో ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అధికారులు అనుమతులు ఇస్తారు. వారి కార్యాలయాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) తరగతికి చెందుతుంది. అంటే 18 నిర్దేశిత దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ముందుగా వలస అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, లిబియా, థాయ్‌లాండ్ మొదలైనవి ఈ జాబితాలో ఉన్నాయి. పదో తరగతి పాసైనవారు, ఆదాయపు పన్ను చెల్లించేవారు, 50 ఏళ్లు దాటినవారు, మూడేళ్లకు పైగా విదేశాల్లో ఉండి వచ్చినవారు, గుర్తింపు పొందిన నర్సింగ్ అర్హత ఉన్నవారు వంటి వర్గాలకు మినహాయింపు ఉంది.

ఈసీఆర్ ముద్రను చాలామంది అడ్డంకిగా చూస్తారు. దాన్ని తప్పించుకోవడానికి నకిలీ పదో తరగతి సర్టిఫికెట్లు కొన్నవారూ ఉన్నారు. నిజానికి ఆ ముద్ర వెనుక కొన్ని రక్షణలు ఉన్నాయి. అనుమతి కావాలంటే యజమాని వివరాలు, ఒప్పందం, జీతం ‘ఈ-మైగ్రేట్’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు కావాలి. జీతం ఆ వృత్తికి భారత ప్రభుత్వం నిర్ణయించిన కనీస స్థాయికి తగ్గకూడదు. ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ కింద పాలసీ కూడా తప్పనిసరి. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియంతో (పన్ను అదనం) ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షల వరకు బీమా ఉంటుంది. ఈసీఆర్ వర్తించనివారు కూడా ఈ-మైగ్రేట్‌లో స్వచ్ఛందంగా నమోదు చేసుకోవచ్చు.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అందులోని పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్, విద్యార్హత పత్రాలతో సరిపోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం తెలుగువారిలో తరచూ ఎదురయ్యే చిక్కు. వీసా దరఖాస్తుకు ముందే దీన్ని సరిచేసుకోవాలి. కువైట్ వంటి దేశాలు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి.

ఏజెంటు ఎంపిక

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే విదేశాంగ శాఖ వద్ద రిజిస్ట్రేషన్ పొందాలి. పెద్ద స్థాయిలో ఈ పని చేసే ఏజెంట్లు రూ.50 లక్షల బ్యాంకు హామీ ఇవ్వాలి. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా, ఎవరి లైసెన్సు నిలిపివేశారన్న వివరాలు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి.

కార్మికుడికి ఊళ్లో ఎదురయ్యేది మాత్రం లైసెన్సు ఉన్న ఏజెంటు కాదు, అతనికో బొంబాయి కార్యాలయానికో మనుషులను చేర్చే సబ్ ఏజెంటు. చాలాసార్లు అతను బంధువో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన పక్క ఊరివాడో అయి ఉంటాడు. నమ్మకం ఆ పరిచయం మీద ఏర్పడుతుంది. చట్టం మాత్రం సబ్ ఏజెంటును గుర్తించదు. అతనికిచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. మోసం జరిగితే పోలీసు కేసు తప్ప విదేశాంగ శాఖ ద్వారా డబ్బు రాబట్టుకునే దారి దాదాపు ఉండదు.

అందుకే ఏజెంటు రిజిస్ట్రేషన్ సంఖ్యను తీసుకుని వెబ్‌సైట్‌లో సరిచూడాలి. ఆ సంస్థ చిరునామాకు వెళ్లి, ఉద్యోగం ఇచ్చే కంపెనీ పేరు, అక్కడి నుంచి వచ్చిన డిమాండ్ లెటర్, తమకు అధికారం ఇస్తూ ఆ కంపెనీ రాసిన పత్రం చూపించమని అడగాలి. డబ్బు బ్యాంకు ద్వారానే చెల్లించి రసీదు తీసుకోవాలి. ప్రైవేటు ఏజెంట్లకు ప్రత్యామ్నాయంగా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ నియామకాలు చేపడతాయి. వాటి ద్వారా వచ్చే అవకాశాలు కోరేవారి సంఖ్యతో పోలిస్తే తక్కువ.

ఖర్చు, అప్పు

రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగిన రుసుముకు నిబంధనల ప్రకారం గరిష్ఠ పరిమితి రూ.30,000, జీఎస్టీ అదనం. 18 శాతం పన్నుతో కలిపి అది రూ.35,400 అవుతుంది. యూఏఈ చట్టం నియామక ఖర్చంతా యజమానే భరించాలని చెబుతుంది. ఊళ్లో వసూలయ్యే మొత్తం తరచూ ఈ పరిమితికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఈ డబ్బు సాధారణంగా వడ్డీ వ్యాపారి నుంచో, బంగారం కుదువపెట్టో వస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. దీని బరువు ఒక లెక్కతో తెలుస్తుంది. లక్షన్నర రూపాయల అప్పుకు నెలకు వడ్డీయే రూ.3,000. జీతం 1,000 దిర్హాములు, దిర్హాం విలువ సుమారు రూ.23 అనుకుంటే నెలకు రూ.23,000 వస్తుంది. తిండికి, ఫోనుకు 300 దిర్హాములు పోతే మిగిలేది రూ.16,100. ఇంటి ఖర్చుకు రూ.8,000 పంపితే అప్పుకు కట్టగలిగేది నెలకు రూ.8,100. ఈ చొప్పున అప్పు తీరడానికి దాదాపు రెండేళ్లు, అంటే ఒక ఒప్పంద కాలమంతా పడుతుంది. అదే మనిషి చట్టబద్ధమైన రూ.35,400 మాత్రమే అప్పు తెచ్చి ఉంటే ఐదు నెలల్లో బయటపడతాడు. తొలి జీతం ఆలస్యమైనా, చెప్పిన జీతం రాకపోయినా ఈ లెక్క మరింత బిగుసుకుంటుంది. జీతం తక్కువని తెలిసినా, పని కఠినమైనా కార్మికులు వెనక్కి రాలేకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఉద్యోగ ఒప్పందం

సన్నాహాల్లో అన్నిటికంటే ముఖ్యమైన పత్రం ఒప్పందం. అందులో కంపెనీ పేరు, చిరునామా, పని పేరు, కాలపరిమితి, మూల జీతం, భత్యాలు, పని గంటలు, వారాంతపు సెలవు, ఏడాది సెలవు, వసతి, భోజనం, వైద్యం, రాకపోకల టికెట్లు ఎవరు భరిస్తారన్నది స్పష్టంగా ఉండాలి. నోటిమాటగా చెప్పిన ఓవర్‌టైమ్‌కు విలువ లేదు.

మొత్తం జీతం ఎంతో అడగడంతో ఆగిపోకుండా మూల జీతం ఎంతో అడగాలి. యూఏఈలో ఓవర్‌టైమ్, ఉద్యోగం చివర వచ్చే గ్రాట్యుటీ రెండూ మూల జీతం మీదే లెక్కకడతారు. ఏడాది సర్వీసు నిండినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల జీతం చొప్పున, ఆపై 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఇద్దరికి నెలకు 1,000 దిర్హాములే వస్తున్నా, ఒకరికి అదంతా మూల జీతమై, మరొకరికి 600 మూల జీతం, 400 భత్యాలు అయితే ఏడాది గ్రాట్యుటీ మొదటివారికి 700, రెండోవారికి 420 దిర్హాములు అవుతుంది. ఐదేళ్లకు తేడా 1,400 దిర్హాములు.

పని గంటలు సాధారణంగా రోజుకు 8, వారానికి 48. ఎండాకాలంలో మధ్యాహ్నం వేళ ఆరుబయట పని నిషేధం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12.30 నుంచి 3 గంటల దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఇది అమల్లో ఉంటుంది. ఖతర్ 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లుగా నిర్ణయించింది. యజమాని వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. జీతాలను బ్యాంకు ద్వారానే చెల్లించే వేతన రక్షణ విధానాన్ని యూఏఈ 2009లో మొదలుపెట్టగా, ఇతర గల్ఫ్ దేశాలూ ఆ బాట పట్టాయి.

ఇక్కడ సంతకం చేసిన ఒప్పందం స్థానంలో అక్కడికి వెళ్లాక తక్కువ జీతంతో అరబ్బీలో మరో కాగితం పెట్టడం పాత ఫిర్యాదు. ఖతర్‌కు వెళ్లేవారికి హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లోని ఖతర్ వీసా కేంద్రాల్లోనే వేలిముద్రలు, వైద్య పరీక్ష, ఒప్పంద సంతకం జరపడం ఈ మోసాన్ని అరికట్టే ఒక ఏర్పాటు. మిగతా దేశాలకు వెళ్లేవారు సంతకం చేసిన ప్రతిని ఫోనులో, ఇంట్లో, నమ్మకమైన వ్యక్తి దగ్గర ఉంచుకోవాలి.

ఆరోగ్యం, నైపుణ్యం, ధ్రువపత్రాలు

గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాల్లోనే వైద్య పరీక్ష చేయించుకోవాలి. గతంలో ‘గామ్కా’ పేరుతో నడిచిన ఈ వ్యవస్థ ఇప్పుడు ‘వాఫిద్’ ఆన్‌లైన్ నమోదుతో సాగుతోంది. క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వంటి రక్త పరీక్షలు, మహిళలకు గర్భ పరీక్ష చేస్తారు. అక్కడికి వెళ్లాక మళ్లీ పరీక్ష ఉంటుంది, అందులో తప్పితే తిప్పి పంపేస్తారు. ఎప్పుడో క్షయ సోకి నయమైనా ఎక్స్‌రేలో మచ్చ మిగిలిపోతే ‘అన్‌ఫిట్’ అయ్యే అవకాశం ఉంది. అలాంటివారు డబ్బు కట్టకముందే సొంతంగా ఎక్స్‌రే తీయించుకుని వైద్యుణ్ని సంప్రదించడం మేలు.

ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి పనులకు సౌదీ అరేబియా భారతదేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి ధ్రువీకరిస్తోంది. నర్సులు తమ విద్యార్హత, అనుభవాలను ‘డేటాఫ్లో’ ద్వారా తనిఖీ చేయించుకుని, ఆయా దేశాల లైసెన్సు పరీక్ష రాయాలి. కువైట్ 2018 నుంచి భారతీయ ఇంజినీర్ల డిగ్రీకి ఎన్‌బీఏ (జాతీయ అక్రెడిటేషన్ బోర్డు) గుర్తింపు అడగడం మొదలుపెట్టడంతో ఆ గుర్తింపు లేని కళాశాలల్లో చదివినవారు ఇబ్బంది పడ్డారు. డిగ్రీ, పెళ్లి సర్టిఫికెట్ల వంటివాటికి ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియాల కోసం విదేశాంగ శాఖ వేసే ‘అపోస్టిల్’ ముద్ర సరిపోతుంది. యూఏఈ, కువైట్, ఖతర్‌లకు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరించాలి. ఇందుకు వారాలు పట్టవచ్చు.

మహిళా కార్మికులు

ఈసీఆర్ పాస్‌పోర్టు గల మహిళలు జాబితాలోని దేశాలకు పనికి వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలి. వారి నియామకం ప్రభుత్వ ఆధ్వర్యంలోని సంస్థల ద్వారానే జరగాలన్న నిబంధన కూడా ఉంది. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధనలను దాటడానికి దళారులు వయసు మార్చిన పత్రాలు సృష్టించడం, విజిట్ వీసా మీద దుబాయి, మస్కట్‌ల మీదుగా తరలించడం వంటి అడ్డదారులు తొక్కుతున్నారు. అలా వెళ్లిన మహిళ పేరు ఈ-మైగ్రేట్‌లో ఉండదు, బీమా ఉండదు.

కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం ప్రత్యేక చట్టం (68వ సంఖ్య) చేసింది. రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, సర్వీసు చివర ఏడాదికో నెల జీతం అందులోని హక్కులు. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం నిషిద్ధం. గోడల మధ్య జరిగే పని కాబట్టి అమలు మాత్రం కష్టం. బయలుదేరే ముందు యజమాని పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, వీసా ప్రతి పుట్టింటివారి దగ్గర, అత్తింటివారి దగ్గర ఉంచాలి. వారానికి ఎన్నిసార్లు మాట్లాడాలో, ఎన్ని రోజులు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో ముందే అనుకోవడం కనీస జాగ్రత్త.

శిక్షణ, భాష, సామాను

విదేశాంగ శాఖ 2018 నుంచి బయలుదేరే ముందు ఒక్కరోజు అవగాహన శిక్షణ ఇప్పిస్తోంది. వీసా, చట్టాలు, జీతం పంపే మార్గాలు, అక్కడి ఆచారాలు ఇందులో చెబుతారు. భాష విషయానికొస్తే, పని ప్రదేశాల్లో దక్షిణాసియా కార్మికుల మధ్య హిందీ, ఉర్దూ వాడుక ఎక్కువ. అంకెలు, పనిముట్లు, రోగం, ప్రమాదం, నొప్పి వంటివాటికి అరబ్బీ మాటలు ఓ పాతిక ముప్ఫై నేర్చుకున్నా తొలి నెలలు సులువవుతాయి.

తెలుగు వంటింట్లో మసాలాకు వాడే గసగసాలు యూఏఈ, సౌదీ అరేబియా, ఖతర్‌లలో మాదకద్రవ్యాల కిందికి వస్తాయి. గరం మసాలా పొట్లంలో కొద్దిగా ఉన్నా చిక్కుల్లో పడవచ్చు. తమలపాకు, కిళ్లీలపై యూఏఈలో నిషేధం ఉంది. సౌదీ, కువైట్‌లలో మద్యం నిషిద్ధం. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులకు ముందస్తు అనుమతి కావాలి. బీపీ, షుగర్ మందులకూ వైద్యుడి చీటీ వెంట ఉండాలి. ‘మావాడికి ఇచ్చేయండి’ అంటూ తెలిసినవారు ఇచ్చే పొట్లాలను విప్పి చూడకుండా తీసుకెళ్లకూడదు. సంచిలో దొరికినదానికి మోసుకెళ్లినవాడే బాధ్యుడు.

ఇంటి దగ్గరి ఏర్పాట్లు

వెళ్లేవారికి ఎంత సన్నాహం కావాలో ఇంట్లో ఉండేవారికీ అంతే కావాలి. డబ్బు ఎవరి ఖాతాకు వస్తుంది, అందులో అప్పుకెంత, ఇంటికెంత, పొదుపుకెంత అన్నది ముందే తేల్చుకోకపోతే తర్వాత భార్యకూ అత్తమామలకూ మధ్య తగవులకు అదే కారణమవుతుంది. అప్పు కాగితం, వడ్డీ వివరం భార్యకు తెలియాలి. కట్టిన ప్రతి వాయిదాకూ రాతపూర్వక రుజువు తీసుకోవాలి. భూమి, ఇల్లు విషయాల్లో సంతకాలు అవసరమయ్యేట్లయితే ఫలానా పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వడం, సర్వాధికారాలు ఇవ్వడం కంటే క్షేమం.

ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లినవారు విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాసులవుతారు. మామూలు పొదుపు ఖాతాను ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. విదేశీ సంపాదన కోసం ఎన్ఆర్ఈ ఖాతా తెరవవచ్చు, దాని మీద వచ్చే వడ్డీకి భారత్‌లో పన్ను ఉండదు. హవాలా దారిలో పంపే డబ్బుకు రుజువు ఉండదు, పోతే అడిగే దిక్కూ ఉండదు. ప్రవాస భారతీయులు ఫారం 6ఎ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు గానీ, ఓటు వేయడానికి స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి.

ఇంట్లో ఒక ఫైలు ఉంచడం ఉత్తమం. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పాలసీ, ఏజెంటు రసీదు ప్రతులు అందులో పెట్టాలి. మరణం సంభవిస్తే భౌతికకాయం రప్పించడానికి, బకాయిలు, బీమా రాబట్టడానికి మొదట అడిగేవి ఈ కాగితాలే.

చేరిన తర్వాత

దిగిన వెంటనే అకామా లేదా నివాస కార్డు ప్రక్రియ మొదలైందా లేదా అడగాలి. అది లేకుండా బయట తిరిగితే పట్టుబడే ప్రమాదం ఉంది. పని గంటలు, ఓవర్‌టైమ్, అందిన జీతం ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం తర్వాత వివాదం వస్తే బలమైన ఆధారమవుతుంది. వసతి గదుల్లో అత్యవసర ద్వారం ఎక్కడుందో చూసుకోవాలి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనానికి నిప్పంటుకుని 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ఆంధ్రప్రదేశ్‌వారూ ఉన్నారు.

యజమానితో ఎంత ఇబ్బంది ఉన్నా చెప్పకుండా పని వదిలి వెళ్లడం కార్మికుడికే ఎదురుతిరుగుతుంది. సౌదీలో యజమాని ‘హురూబ్’ నమోదు చేస్తే, అంటే పారిపోయినట్లు ఫిర్యాదు చేస్తే, అకామా చెల్లకుండా పోతుంది. ముందుగా ఆ దేశపు కార్మిక శాఖకో భారత రాయబార కార్యాలయానికో ఫిర్యాదు చేయాలి. 2009లో ఏర్పాటైన భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి ఆపదలో ఉన్నవారికి తాత్కాలిక వసతి, టికెట్, న్యాయ సహాయం అందుతాయి. 2015లో మొదలైన ‘మదద్’ పోర్టల్‌లో ఇంటి నుంచి కుటుంబసభ్యులే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దుబాయి, రియాద్, జెద్దాలలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ‘ప్రవాసాంధ్ర భరోసా’ బీమాను నడుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల సాయాన్ని 2024లో ప్రకటించింది.

పరిమితులు, చర్చ

1983 నాటి చట్టం కింద అనుమతి లేకుండా నియామకాలు జరిపేవారికి రెండేళ్ల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా విధించవచ్చు. ఒక్కో మనిషి దగ్గర లక్షలు వసూలు చేసే వ్యాపారంలో ఈ జరిమానా లెక్కలోకి రాదన్నది తరచూ వినిపించే విమర్శ. ఈసీఆర్ వర్తించనివారు లెక్కల్లోకి రాకపోవడం రెండో లోపం. పదో తరగతి పాసై కూలి పనికే వెళ్లే యువకుడికి తప్పనిసరి బీమా లేదు, ఒప్పంద పరిశీలన లేదు.

ప్రభుత్వమే నిర్ణయించే కనీస జీతాల విషయంలోనూ వివాదం నడిచింది. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు ఈ మొత్తాలను తగ్గించింది. కోవిడ్ కాలంలో ఉద్యోగాలు కాపాడుకోవడానికే తగ్గించామని చెప్పింది. దీనిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2021లో పాత స్థాయిలను పునరుద్ధరించారు.

మూడో లోపం సమయానికి సంబంధించినది. ఇప్పుడున్న అవగాహన శిక్షణ వీసా చేతికొచ్చి, ప్రయాణం ఖాయమయ్యాక జరుగుతుంది. అప్పటికి అప్పు తెచ్చేశారు, సబ్ ఏజెంటుకు డబ్బు ముట్టింది. ఒప్పందంలో లోపం కనిపించినా వెనక్కి తగ్గే వీలుండదు. కాబట్టి ఏజెంటు లైసెన్సు ఎలా సరిచూడాలి, వీసా రకం ఎలా గుర్తుపట్టాలి, మూల జీతం ఎందుకు అడగాలి వంటి విషయాలు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే దశలోనే, వెళ్లాలనుకునేవారి గ్రామంలోనో మండల కేంద్రంలోనో తెలియాలి. అప్పు చేయకముందు అందిన సమాచారమే వారికి కాదనే స్వేచ్ఛనిస్తుంది.